కొండకోసం దాచుకున్న కాళ్ళు

దేవకమ్మ కాళ్ళ గురించి వడమాలపేట చుట్టుపక్కల ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆడమనిషి కాళ్ళ గురించి ఊళ్ళో మాట అనగానే ఇంకేదో అనుకునేరు, అదేం కాదు. నెత్తిన చెనక్కాయల మూట, చంకలో పిల్లవాడు, కింద వానకు నానిన గెనిమ గట్టు. అయినా ఎక్కడా కాలు జారకుండా కళ్ళానికి చేరే మనిషి ఆమె ఒక్కతే. మొగుడు ఆదిమూలం ఆమె నడకను అందుకోలేక, "నువ్వు ముందు పోమే, నేను నీడన ఒక బీడీ కాల్చుకోని వస్తా" అనేవాడు. ఆ బీడీలే ఆయన్ని తొందరగా తీసుకుపోయాయి. ఏటా స్వామికి ప్రీతైన పెరటాసి నెలలో ఒక శనివారం ఆమె అలిపిరి నుంచి నడిచి కొండెక్కేది. మోకాళ్ళ మిట్ట దగ్గర జనం ఆయాసంతో కూలబడితే, ఈమె ఎవరి పిల్లనో ఎత్తుకుని పైదాకా మోసి దించి, మళ్ళీ కిందికి దిగి తన సంచీ తీసుకుని ఎక్కేది.

తిండి కూడా ఆ ఒంటికి తగ్గట్టే ఉండేది. రాగిసంగటి, అందులోకి చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, చివర్లో గడ్డపెరుగు. ఆదివారం కోడికూర. చలికాలం వచ్చిందంటే పితికిపప్పు. అనపగింజల్ని రాత్రంతా నానేసి, ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య పితికితే తొక్క చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలోకి దూకుతుంది. ఓపిక ఉన్నవాళ్ళు మాత్రమే చేసుకోగల కూర అది. ఆ కూర దిగిందంటే దేవకమ్మ ఎవరికీ వడ్డించకముందే తనకొక గిన్నె తీసి పెట్టుకునేది. అందులో సిగ్గుపడేదేమీ లేదామెకు. "వండినదాని కడుపు ముందు నిండాల. అప్పుడే వడ్డించే చెయ్యి ధారాళంగా ఉంటాది" అనేది.

ఆదిమూలం పోయాక ఆమె తిరుపతిలో కొడుకు ఇంటికి చేరింది. కొడుకు మునిశేఖర్ బోరు మోటార్లు బాగుచేసే అంగడి పెట్టుకుని, చుట్టుపక్కల పల్లెలకు మోటారుబండి మీద తిరుగుతుండేవాడు. కోడలు నవీన ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. అత్తాకోడళ్ళకు పడేది. ఎంతగా పడేదంటే, మిషను మీద నవీన వంగి ఉంటే దేవకమ్మ వెనకనుంచి వచ్చి నోట్లో ముద్ద పెట్టి పోయేది.

ఒకరోజు పుత్తూరు దారిలో టిప్పరొకటి మునిశేఖర్ బండిని రాసుకుంటూ పోయింది. తొడ ఎముక, తుంటి నుజ్జయ్యాయి, తలకు దెబ్బ. ఆసుపత్రిలో డాక్టర్లు ఏదీ తేల్చి చెప్పలేదు. వరండా కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. తిరుపతిలో ఏ కిటికీలోంచి కనిపించదు గనక! దేవకమ్మ చెంగు రెండు చేతుల్లో పట్టుకుని ఆ కొండవైపు తిరిగింది.

"స్వామీ, నా బిడ్డను నాకియ్యి. నడిచి నీ కొండెక్కొచ్చి నీకు కనపడతా. అందాకా నా నోటికి ఇష్టమైంది ఏదీ ముట్టను. పప్పు ముట్టను, పెరుగు ముట్టను, చెనక్కాయ ముట్టను, నీసు ముట్టను" అంది.

మనవాళ్ళ మొక్కులు ఇట్లాగే ఉంటాయి. గిట్టని కాకరకాయను వదిలేస్తే దేవుడు దాన్ని లెక్కలోకి తీసుకుంటాడా? ప్రాణంలాంటిదాన్ని వదిలితేనే మొక్కు. దేవకమ్మకు ప్రాణంలాంటివన్నీ ఒంట్లో కండను నిలబెట్టేవే కావడం ఆమె ఖర్మ. ఆ ముక్క ఆ రోజు ఆమెకు తెలియదు, పక్కన నిలబడి ఏడుస్తున్న నవీనకూ తెలియదు.

మునిశేఖర్ బతికాడు. నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. అంత మనిషిని పక్కకు తిప్పింది, లేపి కూర్చోబెట్టింది, ఒళ్ళు తుడిచింది దేవకమ్మే. చారన్నం తింటూ ఆ బరువంతా మోసింది. ఒంట్లో పాత నిలవ ఏదో ఉండి ఆదుకుంది. వాడు కుంటుకుంటూనైనా తిరిగి అంగడికి పోయిన రోజున ఆమె ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, "ఈ శనివారం కొండకు పోతా" అని చెప్పింది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలిచింది. ఆ శనివారం రాకముందే వడమాలపేటలో ఆమె మరిది గోవిందస్వామి పోయాడు. దినాలకు వచ్చిన పెద్దవాళ్ళు తేల్చి చెప్పారు. "ఇంటిపేరోడు పోయినాడు. ఏడాది తిరిగేదాకా కొండెక్కకూడదు దేవకా." ఆ ప్రాంతంలో అది ఎవరూ కాదనే మాట కాదు. దేవకమ్మ కూడా కాదనలేదు.

"ఇంకో ఏడాది గదా అత్తా, అందాకా పప్పు, పెరుగు తిను. పోయే ముందర మళ్ళీ వదిలేద్దువు" అంది నవీన.

"మాట ఇచ్చింది కొండెక్కేదాకా. సూతకం వచ్చింది నాకు, నేనిచ్చిన మాటకు గాదు" అంది దేవకమ్మ.

అక్కడితో ఆగినా కొంత మేలు జరిగేది. ఎదురింటి తిరుమలమ్మ ఒకటే ఊదరగొట్టింది. "మోకాళ్ళల్లో గుజ్జు అరిగిపోతాదిమే. ఒకసారి అరిగిందా, మళ్ళీ రాదు. కొండెక్కాల్సిన దానివి, ఇప్పట్నించే తిరిగి తిరిగి అరగ్గొట్టుకోవద్దు" అని. అది దేవకమ్మ మనసులో బలంగా నాటుకుంది. తొట్టిలో నీళ్ళు ఎట్లా దాచుకుంటామో కాళ్ళలో బలాన్ని అట్లా దాచుకోవాలనుకుంది. అంగడికి పోయి సామాను తేవడం మానేసింది. బిందె ఎత్తడం మానేసింది. కూర్చుని రుబ్బడం, వంగి ఊడవడం, మిద్దెమీద బట్టలారేయడం అన్నీ ఒక్కొక్కటే మానేసింది. నవీన కూడా సంతోషంగానే ఆ పనులు అందుకుంది. "నువ్వు కూర్చో అత్తా, మాకు చేసినంత చేసినావు" అనేది. ముసలివాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి చేతికి అన్నీ అందించడం మన దగ్గర పెద్ద మర్యాద కదా! ఆ మర్యాదతో ఎంతమందిని మంచాన పడేశామో ఎవరూ ఆలోచించరు. నాకు ఆ మర్యాద మాట వింటేనే ఒళ్ళు మండుతుంది.

కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కొండవైపు చూస్తూ ఆమె ఆ ఏడాదంతా కూర్చుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఈమె కూర్చుంది, తినడమూ మానేసింది. కరగాల్సినవి తొడలూ పిక్కలూ కరిగాయి. గాజులు మోచేతి దాకా జారుతుంటే, రవికె భుజాల మీంచి దిగిపోతుంటే, చూసినవాళ్ళంతా ఒకే మాట అన్నారు: "వయసు గదా." నవీన రవికెలు కుట్టు పట్టి బిగించింది. కొన్నాళ్ళకు మళ్ళీ బిగించింది. కొలత తగ్గుతోందని చేతులకు తెలిసింది గానీ, ఎందుకు తగ్గుతోందో మనసుకు తోచలేదు.

ఏడాది తిరిగి గోవిందస్వామి తద్దినం వచ్చింది. వడమాలపేటలో బంతి భోజనాలు, అందరూ చాపలమీద కూర్చున్నారు. దేవకమ్మ కూడా తన ఊరివాళ్ళ మధ్య ఆకుముందు కూర్చుని, పప్పు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, చారన్నం తింది. అందరూ లేచారు. ఆమె లేవలేకపోయింది. నేలకు అరచెయ్యి ఆనించి ఒకసారి ప్రయత్నించింది. రెండోసారి పక్కకు ఒరిగి ప్రయత్నించింది. మొదట నవ్వింది, "కాళ్ళు తిమ్మిరెక్కినాయి" అని. తర్వాత నవ్వలేదు. ఇద్దరు ఆడవాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపారు. "అయ్యో, పిట్ట మాదిరి ఉండాదే!" అని వాళ్ళలో ఒకామె జాలిపడింది. మూటలు మోసిన ఊళ్ళోనే ఆమెను ఒకరు లేపాల్సి వచ్చింది.

మర్నాడే మునిశేఖర్ ఆమెను డాక్టరు భానుప్రియ దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరమ్మది చిత్తూరు పక్క పల్లె, మాటలో యాస పోలేదు. దేవకమ్మను చేతులు గుండెలకు కట్టుకుని కుర్చీలోంచి లేవమంది. ఆమె వల్ల కాలేదు. తన వేళ్ళను గట్టిగా పట్టుకోమంది. ఆ పట్టులో బిగువు లేదు.

"ఎముకలు బాగుండాయి అవ్వా. మోకాళ్ళు కూడా నీ వయసుకు బాగానే ఉండాయి. పోయింది కండ. వయసొచ్చేకొద్దీ కండ అందరికీ తగ్గుతాది. వాడుతా ఉంటే, తింటా ఉంటే మెల్లగా తగ్గుతాది. కూర్చుంటే, తినకపోతే పరిగెత్తుకోని పోతాది. నువ్వు రెండూ చేసినావు."

"నేను దాచుకుంటి తల్లీ, కొండకోసరం" అంది దేవకమ్మ.

"దాచుకుంటే ఉండేది కాదవ్వా కండ. వాడితేనే ఉంటాది."

అంత జాగ్రత్తగా కాపలా కాసిన ఇంట్లో తానే దొంగతనం చేసుకుందని దేవకమ్మకు అప్పుడు తెలిసింది.

మళ్ళీ తెచ్చుకోవచ్చని భానుప్రియ ధైర్యం చెప్పింది. రోజూ కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కిటికీ ఊచలు పట్టుకుని మడమలెత్తడం, నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తడం, వీధిలో నడవడం నేర్పించింది. ప్రతిపూటా పప్పో, పెరుగో, గుడ్డో, చెనక్కాయలో తినమంది. కసరత్తుకు దేవకమ్మ వెంటనే ఒప్పుకుంది. తిండి దగ్గరే మొండికేసింది.

"కూలోళ్ళను పిలిచి ఇటిక ఇయ్యకపోతే గోడ ఎట్ల లేస్తాదవ్వా?" అంది డాక్టరమ్మ.

"గోడకోసరం నా బిడ్డను పణం పెట్టేదానా నేను?"

"నీ పెరుగు మీద ఆశపడి ఉండాడా ఆ స్వామి? ముడుపు కట్టి తప్పు దండం పెట్టుకుందాంలేమ్మా. మొక్కు మార్చుకున్నోళ్ళు లేరా?" అన్నాడు మునిశేఖర్.

దేవకమ్మ కొడుకు వైపు తిరిగింది. "నువ్వు బతికినావు గదా నాయనా. ఆయన పక్కది ఆయన తీర్చేసినాడు. ఇంక నా పక్కదే ఉండాది. ఆయన ఇచ్చినాక నేను మార్చేదేంది?"

పరిస్థితి ఇట్లా బిగిసింది: తినకపోతే కొండెక్కలేదు, కొండెక్కేదాకా తినదు. మధ్యలో కొడుకు ప్రాణం ఉందని ఆమె నమ్మకం. ఇది మూఢత్వమని కొట్టిపారేయడం సులువే. ఆసుపత్రి వరండాలో ఆ రోజు నిలబడని వాళ్ళకు ఇంకా సులువు.

నవీన చూస్తూ ఊరుకోలేకపోయింది. పప్పుకిందే లెక్కయ్యే ఉలవలు, పెసలు దోరగా వేయించి, మెత్తగా పొడి కొట్టించి, రాగిపిండిలో కలిపింది. ఆ పిండితో అత్తకు, మొక్కులో లేని సంగటి కెలికింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని దేవకమ్మ, "సంగటి కమ్మగా ఉండాదేమే!" అంది.

"కొత్త రాగులత్తా" అంది నవీన, పొయ్యివైపు తిరిగి.

అన్నాళ్ళు నోరు కట్టుకున్న మనిషికి ఆ రుచి గుర్తుకు రాలేదో, వచ్చినా కోడలు మోసం చేస్తుందని తోచలేదో! నవీనకు మాత్రం ప్రతి ముద్దకూ గుండెల్లో రాయి పడేది. అయినా మానలేదు. దేవకమ్మ కసరత్తు కూడా మానలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచే మనిషి, కొన్ని వారాలకు ఒక చెయ్యి వదిలేసింది. తర్వాత రెండూ వదిలేసింది. వీధి చివరి మందులంగడి దాకా నడిచి వచ్చి, "ఆడికి పోయినా, వచ్చినా! ఎవురూ పట్టుకోలే!" అని చిన్నపిల్లలా చెప్పింది. ఒక సాయంత్రం గోడ పట్టుకుంటూ మిద్దె ఎక్కింది. కొండ కనిపించింది. చేతులెత్తి మొక్కి, "పప్పు లేకండా, పెరుగు లేకండా నాకు బలమిచ్చినావు స్వామీ. సూడండ్రా, డాక్టరమ్మకు సెప్పండి!" అంది. మునిశేఖర్ నవీన ముఖంలోకి చూశాడు. నవీన తల వంచుకుంది. మొగుడూ పెళ్ళాం అనుకున్నారు, ముందు కొండెక్కనీ, మొక్కు తీరనీ, ఆ తర్వాత కాళ్ళమీద పడి చెప్పేద్దామని. పెరటాసి మొదటి శనివారానికి ముహూర్తం పెట్టుకున్నారు.

ఆ శనివారానికి వారం ముందు, పొద్దున్నే దేవకమ్మకు ఒక కోరిక పుట్టింది. కోడలికి తన చేత్తో కాఫీ కలిపి ఇవ్వాలని. ఏడాది పైగా ఆమె వంటింట్లో అడుగు పెట్టలేదు. ఆ గడప ఎత్తు, కాలు పైకి లేచేది కాదు. ఈ రోజు ఆ గడప అవలీలగా దాటింది. నవీన నేలమీద కూర్చుని జల్లెడ పడుతోంది. పక్కన రాగిపిండి, ముందు పళ్ళెంలో ఇంకో పొడి. వేయించిన ఉలవల వాసన వంటిల్లంతా నిండి ఉంది.

"ఏందిమే అది?"

నవీన అబద్ధమాడి ఉంటే సరిపోయేది. జల్లెడ చేతిలోంచి జారిపోయింది. "ఉలవపిండత్తా. పెసలు కూడా... నేనే కలిపినా. నీకు తెలీదు. తెలీక తిన్నావు, పాపముంటే నాది."

"తెలీక తాగినా విషం విషమేమే" అంది దేవకమ్మ. కోపంగా అనలేదు. నీరసంగా అంది. "శేఖర యాడ?"

"పుత్తూరు పక్క పోయినాడు, మోటారు దించేదానికి."

టిప్పరు గుద్దింది ఆ దారిలోనే. దేవకమ్మ తిరిగి గడప దాటి, వీధి గేటు దగ్గరికి పోయి నిలబడింది. నవీన కుర్చీ తెచ్చి వేసింది, కూర్చోలేదు. నీళ్ళు తెచ్చింది, తాగలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చి దిగిపోయేదాకా గేటు ఊచ పట్టుకుని నిలబడే ఉంది. అంతసేపు నిలబడగల శక్తి ఆ కాళ్ళకు ఎక్కడిదో నవీనకు తెలుసు.

పొద్దు వాలాక మునిశేఖర్ వచ్చాడు. చేతులకు గ్రీసు, నోట్లో ఏదో పాట. దేవకమ్మ వాడి తల, భుజాలు, చేతులు తడిమి తడిమి చూసింది. సంగతి తెలిసి వాడు నవ్వేశాడు. "సూసినావా మా, నాకేమైంది? ఇన్నాళ్ళూ తింటా ఉండావు, స్వామి ఏమన్నా అన్నాడా? ఆయనకు నీ మీద కోపం లేదు."

"ఈ పొద్దు వచ్చినావు" అంది దేవకమ్మ. "రేపు?"

ఇంక ఆ మాటకు ఎదురు లేదు. మర్నాటి నుంచి తన బియ్యం తానే కడిగి, వేరే గిన్నెలో తానే వండుకుంది. ఒక పూటే, చారన్నమే. తప్పు చేసిన ఒంటికి శిక్ష అనుకుంది. కోడలి చేతి నుంచి నీళ్ళు తప్ప మరేదీ అందుకోలేదు. కసరత్తు కూడా మానేసింది. దొంగసొమ్ముతో పెరిగిన బలం తనకొద్దంది. నవీన కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. దేవకమ్మ ఆమె తల నిమిరిందే గానీ ఆమె వండినది తినలేదు. నవీనకు ఆ నిమరడం కన్నా నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండుననిపించింది.

పెరటాసి మొదటి శనివారం రానే వచ్చింది. పోదామని కొడుకు పిలిచాడు. మైలపడిన నోటితో ఎక్కకూడదని, నెలంతా ఒక్కపొద్దు ఉండి చివరి శనివారం పోతానని ఆమె అంది. ఆ చివరి శనివారం దాకా ఆమె కాళ్ళు ఆగలేదు. స్నానాలగదిలో తడినేల మీద కాలు జారితే నిలదొక్కుకునే కండ లేదు. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి డాక్టర్లు ఎముకనైతే అతికించారు. లేపి నడిపించాలని చూస్తే కాలు మాట వినలేదు. భానుప్రియ వచ్చి చూసి, బయటికి వచ్చాక నవీన భుజం పట్టుకుని, "నువ్వు చేసింది తప్పు కాదమ్మా" అంది. నవీన ఆ మాటను నమ్మాలని ఎంతో ప్రయత్నించింది. ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉంది.

ఇప్పుడు తల్లిని పక్కకు తిప్పేది, లేపి కూర్చోబెట్టేది, ఒళ్ళు తుడిచేది మునిశేఖర్. ఒకప్పుడు ఆమె తనకు చేసినట్టే, అదే మంచం మీద. నీ బదులు నేను నడిచి కొండెక్కి వస్తానని వాడు ఎన్నోసార్లు అడిగాడు. "నువ్వు నడిస్తే నీ పుణ్యం నాయనా. నా మాట ఎట్ల తీరుతాది?" అని ఆమె ఒప్పుకోలేదు.

చలికాలం వచ్చింది. సంతలో అనపకాయలు దిగాయి. దేవకమ్మే అడిగి తెప్పించింది. "శేఖరకు పితికిపప్పంటే ప్రాణం. నానేసి ఈడికి తీసుకురా మే, నేను పితికిస్తా" అని నవీనతో అంది. వెనక దిండ్లు పెట్టి కూర్చోబెడితే, ఒళ్ళో గిన్నె పెట్టుకుని పొద్దంతా పితికింది. కొన్ని గింజలు జారి దుప్పటి మీద పడ్డాయి. వాటినీ వదలకుండా ఏరి గిన్నెలో వేసింది. ఒక్క పప్పు కూడా నోటిదాకా పోలేదు.

నవీన కూర వండింది. ఆ వాసన గది నిండా కమ్ముకుంది. మునిశేఖర్ కంచం తెచ్చుకుని మంచం పక్కన నేలమీద కూర్చుని, ముద్ద కలిపి ముందు తల్లి నోటిదగ్గరికి తీసుకుపోయాడు. "రొంత తిను మా. ఒక్క ముద్ద."

"కొండెక్కినాక తింటాలే నాయనా. నువ్వు తిను." గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు తిరిగి, "నువ్వు కూడా ఒక గిన్నె తీసి పెట్టుకోమే ముందు. వండినదాని కడుపు నిండాల" అంది.

నవీన చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. దుప్పటి కింద తల్లి కాళ్ళు ఉన్నచోట ఎత్తు కూడా లేదు. మునిశేఖర్ ఆ వైపు చూడకుండా ఆ ముద్దను తన నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో ముద్ద కలిపాడు. వాడు తింటున్నంతసేపూ దేవకమ్మ వాడి నోటివైపే చూస్తూ ఉంది.

"ఉప్పు సరిపోయిందా నాయనా?" అని అడిగింది.